కుంకుమ కింద తీగ

పోయిన వారం ఎస్తేరును భూపాలపల్లిలో తమ్ముడి గుమ్మం ముందు వదిలేశాం. చేతిలో సంచి, ఆ సంచిలో తల్లి పుస్తకం, చెప్పులు విప్పాలా వెనక్కి తిరగాలా అన్న సందేహం. ఇవాళ ఆమె చెప్పులు విప్పింది. విప్పక ఏం చేస్తుంది? పొద్దున్నే జనగామలో బస్సెక్కి, హన్మకొండలో మారి, పరకాల దాకా నిలబడే వచ్చిన మనిషికి పౌరుషం కంటే ముందు కాళ్ళే గుర్తొస్తాయి.

ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్ళకు ఒక్క మాట. ఎస్తేరు తండ్రి సారయ్య జనగామలో తోలు అట్టల పుస్తకాలు కట్టేవాడు. బైబిళ్ళు, పాటల పుస్తకాలు, భాగవతాలు, ఎవరిదొచ్చినా కట్టేవాడు. తోలు తడిపి, ఇత్తడి అచ్చును వేడి చేసి అదిమితే పువ్వో తీగో అందులోకి దిగిపోయేది. ఆయన కట్టిన ప్రతి అట్టకూ నాలుగు మూలల్లో తీగ ఉండేది. ఏ మూలన మొలిచినా దాని కొస పుస్తకం లోపలికే చూడాలి, అదీ లెక్క. అందుకు కుడి అచ్చొకటి, ఎడమ అచ్చొకటి కావాలి. ఒకదానితో రెండోదాని పని జరగదు. చేతులు వణకడం మొదలయ్యాక సారయ్య తన తీగ అచ్చులను గుడ్డల్లో చుట్టి కూతురికొకటి, కొడుక్కొకటి ఇచ్చాడు. "అందరు కలిస్తెనే పుస్తకం నిండుతది" అన్నాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే వాళ్ళు చదువుకున్న పుస్తకానికి కొత్త తోలు వేసి, కన్నపిల్లలు తలా ఒక చెయ్యి వేసి మూలలు అదుముతారు. నిరుడు తల్లి ఐలమ్మ పోయింది. కొడుకు సాయికుమార్ మట్టి వేసి, గనిలో డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. పోయినవాళ్ళ కోసం నలుగురూ చేరి ప్రార్థన చేసే ఆదరణ కూడిక నాటికి ఆమె బైబిలు సిద్ధం కావాలి. ఎస్తేరు ఒక్కతే, తన దగ్గరున్న ఒక్క అచ్చుతోనే నాలుగు మూలలూ అదిమింది. రెండు మూలలు కుదిరాయి. తక్కిన రెండింట్లో తీగ పుస్తకం వదిలి బయటికి పోతున్నట్టు పడింది. కూడికకు వచ్చిన సాయికుమార్ ఆ అట్ట చూసి, అన్నం ముట్టకుండా లేచిపోయాడు. మళ్ళీ జనగామ గడప తొక్కలేదు.

ఇప్పుడు సారయ్య మంచంలో ఉన్నాడు. పక్షవాతం కుడిచేతినీ, సగం మాటనూ తీసుకుపోయింది. మిగిలిన సగం మాటతో రోజూ ఒకటే అంటాడు: నేను పోయేలోగా మీ అవ్వ పుస్తకం సరిగ్గా కావాలె, ఇద్దరు కలిసి నన్ను అడగాలె. ఏం అడగాలో చెప్పడు. పాత తోలు ఒలిచేసి కొత్త తోలు వేసి, మూలలు ఖాళీగా ఉంచి, ఎస్తేరు బయల్దేరింది.

తలుపు తీసింది సాయికుమార్ భార్య సంధ్య. ఒక్క క్షణం నిలబడిపోయి, "వదినే! లోపలికి రా," అని సంచి అందుకుంది. "ఫోన్ చేస్తె బస్టాండుకు వస్తుంటిమి గద."

"చేస్తె ఎత్తుతడా మీ ఆయన?"

సంధ్య లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

సాయికుమార్ మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎంత కడిగినా గని పోనిచోటు ఒకటుంటుంది, కనురెప్పల అంచు. కాటుక పెట్టుకున్నట్టు ఉంది. అక్కను చూసి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు. అది కోపం వల్ల కాదు, నడుము నొప్పి వల్ల.

"బాపు ఎట్లున్నడు?" అన్నాడు గోడ వైపు చూస్తూ.

"ఉన్నడు. పక్కింటి రాములమ్మను కూసోబెట్టి వచ్చిన."

"ఏం పని మీద వచ్చినవ్ మరి?"

"నీ దగ్గరున్న అచ్చు కావాలె. నువ్వు కూడ కావాలె. ఇద్దరం కలిసి అవ్వ పుస్తకం మూలలు ఒత్తాలె."

"ఒత్తినవ్ గద ఒకసారి. నాలుగు మూలలు నువ్వే ఒత్తుకున్నవ్."

వచ్చేసింది. బస్సులో ఉన్నంతసేపూ ఎస్తేరు ఎదురు చూసింది ఈ మాట కోసమే. దీనికి చెప్పాల్సిన జవాబు ఎన్ని రకాలుగానో కూర్చుకుంది. తీరా మాట ఎదురుపడేసరికి ఆ జవాబులన్నీ పరకాల దగ్గరే దిగిపోయినట్టున్నాయి. ఆమె సంచిలోంచి ఒలిచిన పాత తోలు తీసి తమ్ముడి పక్కన మంచం మీద పరిచింది.

"చూడు. కండ్లు పెట్టి చూడు. ఈ రెండు మూలలు ఎంత లోతుగ దిగినయి, ఆ రెండు ఎంత పలుచగ పడినయి. ఆడ నా చెయ్యి ఆడలేదు సాయీ. తప్పు పడుతున్నదని తెలుస్తనే ఉన్నది. ఖాళీగ ఉంచుదామంటె కూడికకు వచ్చినోళ్ళందరు ముట్టుకుని చూస్తరు, ఐలమ్మకు ఇద్దరు పిల్లలుండి కూడ మూలలు నింపలేదంటరు. ఏం చేయమంటవ్ నన్ను?"

"నన్ను అడగాలె."

"అడగలేదా? ఎన్నిసార్లు చేసిన ఫోన్! నువ్వు ఎత్తలే."

"గనిల దిగితె ఫోన్ పైననే ఉంటది. నీకు తెల్వదా?"

"ఎక్కినంక చూస్కోలేదా?"

సాయికుమార్ నోరు తెరిచాడు. ఏదో గట్టిగా అనేవాడే. కానీ తువ్వాలు లాక్కుని మొహం తుడుచుకున్నాడు.

"చూసిన," అన్నాడు చివరికి. "అలిసిపోయి ఉన్న. పొద్దుగాల చేద్దాంలే అని పండుకున్న. పొద్దుగాల మళ్ళ డ్యూటీ. గట్లనే కూడిక రోజు వచ్చింది. వస్తె ఏముంది, తీగ బయటికి తిరిగి ఉన్నది. బాపు చిన్నప్పటి నుంచి ఏం చెప్పిండు మనకు? తీగ బయటికి తిరిగితె ఇంట్ల నుంచి ఒకరు పోయినట్టు అని చెప్పలేదా? పోయింది ఎవరు మరి? నేనే గద. నలుగురి ముందట నన్ను ఎల్లగొట్టినట్టే అనిపించింది."

"నిన్ను ఎల్లగొట్టేటంత ఓపిక నాకు యాడున్నది తమ్మీ?" అంది ఎస్తేరు.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే లేదు ఓపిక. తల్లిని దవాఖానకు తిప్పింది ఆమె, తండ్రికి పక్క మార్చేది ఆమె, రెక్సిన్ అట్టల కోసం వచ్చే కాలేజీ పిల్లలకు రికార్డులు కుట్టి ఇల్లు గడిపేదీ ఆమె. పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలె. ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న మాట. తల్లి అంది, తండ్రి అన్నాడు, పాస్టరమ్మ అంది, చివరికి తమ్ముడి పెళ్ళిలో బంతి దగ్గర పప్పు తక్కువైతే వంటవాళ్ళు కూడా అదే అన్నారు. పెద్దరికం అంటే అందరూ తిన్నాక తినడం అని ఆమెకు చాలా తొందరగా తెలిసిపోయింది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న సంధ్య లోపలికి పోయి, దేవుడి అరలోంచి ఒక చిన్న పళ్ళెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"మీ ఇంట్ల కోపాలు తక్కువ వదినే, అలుపులే ఎక్కువ," అంది. "ఇగో, అచ్చు."

పళ్ళెంలో ఉన్నది అచ్చులా లేదు. కట్టెపిడి మీద పసుపు ముద్ద. ప్రతి దసరాకూ సంధ్య ఆ ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తుంది. మొగుడి బండికి, గని టోపీకి, తన కుట్టుమిషనుకు, మామ ఇచ్చిన ఈ అచ్చుకు. బండినీ టోపీనీ మళ్ళీ వాడతారు కాబట్టి బొట్టు రాలిపోతుంది. దీన్ని వాడింది లేదు. ఏటికేడు బొట్టు మీద బొట్టు పడి, ఇత్తడి మీద కోసిన తీగ పూర్తిగా పూడిపోయింది.

"ఒక్కనాడన్న తోలు మీద పెట్టలేదా?" అంది ఎస్తేరు.

"తోలేడిది నాకు?" అన్నాడు సాయికుమార్. "బాపు చుట్టిచ్చిన గుడ్డ ఇప్పిన్నో లేదో, ఆమె దేవుని కాడ పెట్టింది."

సంధ్య కొంచెం బెదురుగా చూసింది. "ప్రార్థనకు పోయేటోళ్ళ వస్తువుకు బొట్లు పెట్టినవేంది అంటవేమో వదినే. అత్తమ్మ అయితె ఏమనలేదు. పసుపు కూడ ఆమెనే తెచ్చేది. పెద్దవంగరల తెల్సినోళ్ళ చేన్ల పండింది, మంచి రంగుంటది అని ఒక్క ఏడు కూడ మరువకపోతుండె."

ఎస్తేరు పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు సంచిలో ఉన్న తన అచ్చు ఇన్నాళ్ళూ జనగామలో మేకులతో, సూదులతో కలిసి సొరుగులో పడి ఉండేది. దానికంటే ఇదే మర్యాదగా బతికింది. జనగామ ఇంట్లో ప్రార్థనకు పోయేది తల్లి ఒక్కతే మొదట్లో. కూతురి పేరు ఆమె పెట్టుకుంది, కొడుకు పేరు మొగుడికి వదిలేసింది. ఎవరి దేవుడి దగ్గర ఏ వస్తువుంది అన్న గొడవ ఐలమ్మ ఎప్పుడూ పెట్టుకోలేదు.

"చింతపండు ఉందా?" అంది ఎస్తేరు.

వంటింట్లో పీట వేసుకుని అక్క రుద్దింది, మరదలు నీళ్ళు పోసింది. పసుపు కరిగి, కుంకుమ కరిగి, తూము దగ్గర ఎర్రగా పారింది. సాయికుమార్ గుమ్మానికి చేరగిలబడి చూస్తున్నాడు. సందుల్లో గట్టిపడిన ముద్దను ఎస్తేరు పుల్లతో మెల్లిగా గీకి తీసింది. కొస కనబడింది. ఆకు కనబడింది. తర్వాత ఆమె బొటనవేలు తీగ మీద ఒకసారి వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆగిపోయింది.

"ఏమైంది వదినే?"

"ఏం లేదు. స్టవ్ ముట్టియ్యి."

కానీ చెయ్యి చెప్పేసింది. అంత ప్రయాణం చేసి, తమ్ముడితో అన్ని మాటలు పడి చేతికి దొరికిన వస్తువు ఇలా ఉంటుందని నమ్మబుద్ధి కాలేదు ఆమెకు. చేతులకూ అలుపొస్తుంది, అప్పుడప్పుడు అబద్ధం చెప్తాయి, అనుకుంది. తోలు మీద పెట్టి చూస్తే గానీ తేలదు.

సంచిలోంచి తన అచ్చు తీసింది. చిన్న తోలుముక్కలు రెండు తీసి తడిపి పీట మీద పరిచింది. అచ్చులు రెండింటినీ సన్నటి మంట మీద పట్టి, తడిగుడ్డకు తాకించి చూసింది. చుయ్యిమన్నంతసేపూ ఆగింది. చప్పుడు సన్నగిల్లాక తన అచ్చును ఒక ముక్క మీద అదిమి తీసింది. అలవాటైన తీగ, అరిగిపోయి మెత్తబడిన ఆకులతో పడింది.

"నీది నువ్వే ఒత్తు," అని తమ్ముడికి పిడి అందించింది.

"నాకెట్ల వస్తది?"

"చిన్నప్పుడు ఒత్తలేదా? మీద పడకు. నిలువుగ పెట్టు, బరువు దించు, లెక్కపెట్టకుండ తియ్యి."

సాయికుమార్ వంగాడు. బొగ్గు పనికి గట్టిపడిన ఆ చేతులు పిడిని చాలా భయంగా పట్టుకున్నాయి. పెట్టాడు. దించాడు. తీశాడు. కాలిన తోలు వాసన లేచింది. ఆ వాసనకు ఇద్దరూ ఒక్కసారే తల తిప్పారు, తండ్రి అంగీ వాసన అది. కళ్ళు చెమర్చింది పొగకు కాదు.

తర్వాత ఎస్తేరు రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టింది.

కుడిచేతి ముక్క మీద తీగ ఎడమకు చూస్తోంది. ఎడమచేతి ముక్క మీద తీగ కూడా ఎడమకే చూస్తోంది. ఒకదాని ఆకులు మొద్దుబారి ఉన్నాయి, రెండోదాని ఆకులు పదునుగా ఉన్నాయి. అంతే తేడా.

"ఒకటే," అన్నాడు సాయికుమార్. ముక్కను తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "ఎట్ల పెట్టినా ఒకటే దిక్కు. ఇది ఎడమది గాదా?"

"గాదు. కుడిది అరిగిపోయిందని బాపు మళ్ళ ఒకటి కోసుకున్నడు, గుర్తున్నదా? ఆ కొత్తది నీకిచ్చిండు. పాతది నాకిచ్చిండు. రెండూ కుడివే."

సాయికుమార్ ముక్కను పీట మీద పెట్టి నేల మీద కూర్చున్నాడు. స్టవ్ ఆర్పడం కూడా మరిచిపోయింది సంధ్య.

"అంటె," అన్నాడు, "నువ్వు నన్ను అడిగినా, నేను ఉరికొచ్చినా, ఆ రెండు మూలలు గట్లనే పడుతుండె."

"గట్లనే పడుతుండె."

"నా అచ్చు లేకనే తీగ బయటికి తిరిగింది అనుకున్న అక్కా. నా మూల నాకు లేకుండ చేసినవ్ అనుకున్న. సంవత్సరం సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్న."

"నువ్వు కావాలని అచ్చు దాచుకున్నవ్ అని నేను అనుకున్న."

ఈ రెండు మాటలకూ ఒక్క ఫోన్ చాలు. ఏడాది కింద ఒక్కరు అలసిపోకుండా ఉంటే సరిపోయేది. ఎస్తేరుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెంటికీ బలం లేక గోడకు ఆనుకుంది. సాయికుమార్ చెయ్యి చాపి ఆమె మోకాలి మీద పెట్టాడు. "చాయ్ పెట్టు సంధ్యా," అన్నాడు. "పొద్దుగాలనుంచి ఏం తిన్నదో ఏమో."

చాయ్ తాగుతుంటే ఎస్తేరుకు అనుమానం మొదలైంది. తండ్రి కట్టిన పుస్తకాలు జఫర్‌గఢ్‌లో, చిల్పూర్‌లో ఎన్ని ఇళ్ళల్లో లేవు! అన్నిటి మీదా నాలుగు మూలలూ కుదిరే ఉన్నాయి. అంటే ఎడమ అచ్చు ఉండేది. ఉంటే ఏది?

"అమ్మిండేమో," అన్నాడు సాయికుమార్.

"ఇత్తడి గిన్నె అమ్మనోడు అచ్చు అమ్ముతడా?" ఆమె గ్లాసు కింద పెట్టింది. "సాయీ, ఇచ్చిన నాడు బాపు ఏమన్నడు? అందరు కలిస్తెనే పుస్తకం నిండుతది అన్నడు. మనం ఉన్నది ఇద్దరం. ఇద్దరికి అందరు అంటరా ఎవరన్న? ఇప్పుడేమో ఇద్దరు కలిసి అడగండ్రి అంటున్నడు. ఇదేనేమో అడగాల్సింది."

సాయికుమార్ ఫోన్ తీశాడు. అటువైపు రాములమ్మ ఎత్తింది. ముసలాయన ఇప్పుడే గంజి తాగాడని, ఫోన్ చెవి దగ్గర పెడుతున్నానని అరిచి చెప్పింది. సాయికుమార్ స్పీకరు పెట్టి, ఫోన్‌ను పీట మీద, రెండు తోలుముక్కల మధ్య ఉంచాడు.

"బాపూ, నేను. సాయిని."

శ్వాస వినబడింది.

"నేను కూడ ఉన్న బాపూ," అంది ఎస్తేరు. "ఇద్దరం ఒక్క దగ్గరనే ఉన్నం."

అటునుంచి వచ్చింది ఏడుపో దగ్గో తెలియలేదు. రాములమ్మ "ఏడువకు సారన్నా, ఏడువకు" అనడం వినబడింది. తర్వాత సగం నోటితో, ఒక్కో మాట దొర్లించుకుంటూ, సారయ్య అన్నాడు:

"రెండు... ఒక దిక్కేనా?"

అక్కాతమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆయనకు ముందే తెలుసు.

"ఒక దిక్కే బాపూ," అన్నాడు సాయికుమార్. "ఎడమది యాడున్నది?"

"పెద్దవంగరల."

సంధ్య చేతిలోని గ్లాసు ఆగిపోయింది. పసుపు వచ్చే ఊరు.

"పెద్దవంగరల ఎవరి దగ్గరున్నది?"

"సుమిత్ర... సుమిత్ర దగ్గర. నేనే పోయి... ఇచ్చొచ్చిన."

"ఎవరు బాపూ సుమిత్ర?"

ఎస్తేరు ఫోన్ మీదికి వంగింది. పక్కలు మార్చింది, గంజి తాపింది, మలమూత్రాలు ఎత్తింది, ఒక్కనాడు విసుక్కోలేదు. ఇప్పుడు ఆపుకోలేకపోయింది.

"ఇంకో సంసారం ఉన్నదా బాపూ నీకు? అవ్వ బతికుండంగనే? ఆ మనిషి పిల్లకు ఇచ్చినవా అచ్చు? అవ్వ పుస్తకం మీద ఆమె చెయ్యి పడాల్నా?"

"అక్కా, జర ఆగు," అన్నాడు సాయికుమార్.

"ఆగను. చెప్పనియ్యి. పెద్దదాన్ని నేను. ఈ ఇంటికి పెద్దబిడ్డను. నాకు చెప్పాలె."

ఫోన్‌లో మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది. కూడదీసుకుంటున్నాడు. తర్వాత మాటలు వచ్చాయి, పక్షవాతం వచ్చాక అంత స్పష్టంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

"పెద్దబిడ్డవు నువ్వు కాదు ఎస్తేరూ. నా సంసారం గాదు అది. సుమిత్ర మీ అవ్వ బిడ్డ. నన్ను చేసుకోకముందు కన్న బిడ్డ."